పుర్రచేతి వాటం వారు గిటార్ ఎటువైపు పట్టుకోవాలి? కొనే ముందే తేల్చుకునే పద్ధతి

పదో తరగతి పరీక్షలు ముగిసిన వారంలోనూ, క్రిస్మస్ ముందు చర్చిల్లో పాటల సాధన ఊపందుకునే రోజుల్లోనూ నన్ను ఒకే ప్రశ్న వెతుక్కుంటూ వస్తుంది. "మావాడిది పుర్రచెయ్యండి, గిటారు ఎటువైపుది కొనమంటారండి?" అని అమలాపురం నుంచి ఒక తండ్రి అడుగుతారు. "నేను ఎడంచేత్తో రాస్తానండి, షాపులో ఉన్నది కొనేసుకోవచ్చాండి?" అని పాలకొల్లు నుంచి ఒక ఇంటర్ విద్యార్థిని అడుగుతుంది. విడివిడిగా చెప్పిందే చెప్పడం కంటే అందరికీ కలిపి ఒకచోట రాసిపెట్టడం మేలనిపించి ఇది రాస్తున్నాను.

పొట్టి జవాబు ఇది. మీరు రాసే చేతిని బట్టి కాక, మీలో లయ నిలబెట్టే చేతిని బట్టి నిర్ణయించుకోండి. రెండు చేతుల మధ్య తేడా స్పష్టంగా కనిపించకపోతే కుడిచేతి పద్ధతిలోనే నేర్చుకోండి. ఎడమచేయి స్పష్టంగా మెరుగని తేలితే, దొరకడం కష్టమైనా ఎడమచేతి గిటార్ తెచ్చుకోండి. ఆ తేడాను ఎలా కనిపెట్టాలన్నదే మిగిలిన విషయమంతా.

నా పక్షపాతం కూడా ముందే చెప్పడం న్యాయం. నాది పుర్రచేతి వాటమే, అయినా కుడిచేతి పద్ధతిలోనే వాయిస్తాను. నాకు నేర్పినవారు ఎటు పట్టుకుంటావని నన్ను అడగలేదు, వేరే మార్గం ఉందని నాకూ తెలియదు. తీగలు నొక్కడం త్వరగానే వచ్చింది కానీ, మీటే చేతిలో లయ కుదురుకోవడానికి తోటివారికంటే చాలా ఎక్కువ కాలం పట్టింది. అందువల్ల ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దనే చెబుతాను.

మాటల్లో గందరగోళం లేకుండా రెండు పేర్లు పెట్టుకుందాం. ఫ్రెట్లపై (గిటార్ మెడమీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు) తీగలను అదిమే చేతిని "నొక్కే చేయి" అనీ, పిక్ అనే చిన్న పలకతోనో వేళ్లతోనో తీగలను మోగించే చేతిని "మీటే చేయి" అనీ పిలుద్దాం. మామూలుగా దుకాణాల్లో దొరికే కుడిచేతి గిటార్‌లో ఎడమచేయి నొక్కుతుంది, కుడిచేయి మీటుతుంది. ఎడమచేతి గిటార్‌లో ఇది తిరగబడుతుంది.

సిద్ధాంతం ఇంతకు మించి అక్కరలేదు కానీ, ఒక్క పోలిక చెబుతాను. నర్సాపురం వైపు అరుగుల మీద కూర్చుని లేసు అల్లే అమ్మలను గమనించండి. ఒక చేయి కొక్కెపు సూదిని ఆడిస్తుంది, మరొక చేయి దారాన్ని బిగువు తప్పకుండా అందిస్తుంది. రెండూ నేర్పున్న పనులే, ఏ ఒక్కటీ ఊరికే పట్టుకుని కూర్చున్న చేయి కాదు. గిటార్ కూడా అంతే. అందుకే "ఎడమచేతిలో బలం ఉంది కాబట్టి దాన్ని ఫ్రెట్లపై పెట్టుకుంటే పుర్రచేతివారికి లాభమే" అనే మాట వినడానికి బాగున్నా నిలబడదు. అది నిజమే అయితే, కుడిచేతివాటం వారందరూ తమ బలమైన కుడిచేతిని ఫ్రెట్లపై పెట్టుకుని ఉండాలి కదా. వారు ఆ చేతిని మీటడానికే ఉంచుకున్నారు.

కావలసినవి

- రెండు వారాలకు అరువు తెచ్చుకున్న మామూలు అకూస్టిక్ గిటార్ ఒకటి. పక్కన కోత లేని, రెండు వైపులా ఒకేలా ఉన్న ఒళ్లు గలదైతే మంచిది.
- ఒక చీపురు, లేదా క్రికెట్ బ్యాటు.
- ఫోన్, అందులో మెట్రోనోమ్ (సమాన వేగంతో తాళం కొట్టేది), ట్యూనర్ (శ్రుతి చూపేది), ధ్వని రికార్డు చేసే సదుపాయం. ఉచితంగా దొరికేవి చాలు.
- ఒక చేతిరుమాలు, ఒక నోటుపుస్తకం.
- గిటార్ గురించి ఏమీ తెలియని మనిషి ఒకరు. అమ్మగారైనా, మేనత్తగారైనా సరే. ఈ మనిషి ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది.

కింద చెప్పిన పరీక్షలన్నీ ముగిసే వరకూ గిటార్ కొనకండి. కొన్న తరువాత చేసే పరీక్షలో మన మనసు కొన్నదానివైపే మొగ్గుతుంది.

1. మీది ఎంతవరకు పుర్రచేతి వాటమో చూసుకోండి

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఇతర దేశాలవారు రాసిన సూచనల్లో "ఏ చేతితో తింటారు, ఏ చేతితో వస్తువు అందిస్తారు" అని ఉంటుంది. మన ఇళ్లలో ఆ ప్రశ్నలకు అర్థం లేదు. పుర్రచేతి పిల్లవాడు కూడా అన్నం కుడిచేత్తోనే తింటాడు, ప్రసాదం కుడిచేత్తోనే పడతాడు, పెద్దలకు డబ్బు కుడిచేత్తోనే ఇస్తాడు, ఎందుకంటే చిన్నప్పుడే చేతిమీద ఒకటి వేసి నేర్పించి ఉంటారు. పాత తరంలోనైతే రాత కూడా బలవంతంగా కుడికి మార్చినవారు ఉన్నారు. ఇవన్నీ నేర్పిన అలవాట్లు, వాటం కాదు.

కాబట్టి ఎవరూ దిద్దని పనులను లెక్కలోకి తీసుకోండి. గుడిలో కొబ్బరికాయ కొట్టే చేతిని వదిలేసి, ఇంట్లో పచ్చడికి కాయ పగలగొట్టే చేతిని చూడండి. కాలువలోకి రాయి విసరడం, క్యారమ్స్‌లో స్ట్రైకర్ కొట్టడం, మేకు దిగగొట్టడం, చాకుతో మామిడికాయ కోయడం, పళ్లు తోముకోవడం, తల దువ్వుకోవడం, సూదిలో దారం ఎక్కించడం, సీసా మూత తిప్పడం, షటిల్ బ్యాటు పట్టడం, బల్లమీద దరువు వేయడం అనే ఈ పది పనులను రెండు మూడు రోజులపాటు మామూలుగా చేస్తూ, ఏ చేయి ముందుకు వచ్చిందో పుస్తకంలో రాసుకోండి. పిల్లలదైతే వారికి చెప్పకుండా మీరే గమనించి రాయండి, ఎందుకంటే గమనిస్తున్నారని తెలిసిన పిల్లవాడు మీకు నచ్చే చేతిని చూపిస్తాడు.

ఎనిమిదికి మించి ఎడమచేయి వస్తే గట్టి పుర్రచేతి వాటమని నేను లెక్కిస్తాను. నాలుగు నుంచి ఎనిమిది వరకూ వస్తే కలగలుపు వాటం. నాలుగు లోపు వస్తే, రాసేది ఎడమచేత్తోనే అయినా, మీరు ఆలోచించకుండా కుడిచేతి గిటార్ పట్టుకోవచ్చు. ఇది నా అనుభవం మీద కట్టుకున్న లెక్క మాత్రమే, శాస్త్రం కాదు.

మినహాయింపు: ఇప్పటికే వీణ, వయొలిన్ లేదా మాండలిన్ మామూలు పద్ధతిలో కొంతకాలం నేర్చుకున్నవారికి ఈ పరీక్షలేవీ అక్కరలేదు. ఆ వాద్యాల్లోనూ ఎడమచేయే మెట్లమీదో తీగమీదో ఉంటుంది, కుడిచేయే మీటుతుంది లేదా కమాను లాగుతుంది. చేతులు అప్పటికే పంచుకున్న పనిని తిరగదోడడం వృథా శ్రమ. కుడిచేతి గిటార్ తీసుకోండి.

2. చీపురు పరీక్ష

చీపురును గోడకు ఆనించి ఉంచండి. ఏదైనా హుషారైన పాట పెట్టి, "దాన్ని గిటార్‌లా పట్టుకుని వాయించినట్టు నటించు" అని అప్పటికప్పుడు చెప్పండి. ఏ వైపు పట్టుకుంటే బాగుంటుందో ఆలోచించుకునే వ్యవధి ఇవ్వవద్దు. మూడు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయించి, మూడుసార్లూ ఒకేవైపు పట్టుకుంటే అది గట్టి సూచనగా తీసుకోండి.

సినిమాల్లోనూ వేదికలమీదా కుడిచేతివారినే చూసి చూసి, పుర్రచేతివారు కూడా వారిని అనుకరించే అవకాశం ఉంది. కాబట్టి చీపురు కుడిచేతి పద్ధతిలో పట్టుకుంటే ఆ సూచనకు విలువ తక్కువ. చూసినదానికి ఎదురుగా ఎడమవైపు పట్టుకుంటే మాత్రం విలువ ఎక్కువ.

3. మూగ తీగల పరీక్ష

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. దీన్ని తొందరగా ముగించవద్దు.

చేతిరుమాలును మడిచి, బ్రిడ్జికి (గిటార్ ఒంటిమీద తీగల చివరలు బిగించే పట్టీ) కాస్త ముందు తీగల కింద దూర్చండి. అప్పుడు తీగలు స్వరం పలకకుండా "చక్ చక్"మని మాత్రమే మోగుతాయి. స్వరం బాగుందా లేదా అన్న ధ్యాస పోయి, లయ ఒక్కటే మిగలాలన్నది ఉద్దేశం. నొక్కే చేతికి ఇక్కడ పనేమీ లేదు, మెడను ఊరికే పట్టుకుంటే చాలు.

మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెట్టండి. ప్రతి దెబ్బకు చేయి కిందికి, రెండు దెబ్బల మధ్య చేయి పైకి వెళ్లాలి. రెండు నిమిషాలు కుడిచేత్తో చేసి రికార్డు చేయండి. తరువాత గిటార్‌ను తిప్పి ఎడమచేత్తో రెండు నిమిషాలు చేసి రికార్డు చేయండి. ఇదే పనిని 80 దగ్గర, 100 దగ్గర కూడా చేయండి. మరునాడు ఎడమచేత్తో మొదలుపెట్టండి, లేకపోతే రెండోసారి చేసే చేయి ఎప్పుడూ సాధన వల్ల మెరుగ్గా కనిపిస్తుంది.

మొదటి రెండు రోజుల్లో రెండు చేతులూ తడబడతాయి, పట్టించుకోకండి. మూడో రోజు నుంచి రెండు చిక్కులు చేర్చండి. మొదటిది, నాలుగు దెబ్బల్లో మొదటిదాన్ని మాత్రమే గట్టిగా కొట్టడం, ఆ తరువాత మూడు దెబ్బల లెక్కకు మారడం. రెండోది, లయ ఆపకుండా మీరు ఎక్కే బస్సు ఆగే ఊళ్ల పేర్లను వరుసగా పైకి చెప్పడం. మనసు వేరే పనిలో ఉన్నా తానుగా నడిచే చేయే మీ లయ చేయి. నోరు "రావులపాలెం" అనగానే తప్పిపోయే చేయి ఇంకా ఆలోచనమీద ఆధారపడుతోందని అర్థం. ఈ చిట్కాతో తేలినంత తేటగా మరే పరీక్షతోనూ తేలడం నేను చూడలేదు.

ఇక వినడం. మీరు చేసినదాన్ని మీరే వింటూ తీర్పు చెప్పకండి. రికార్డులకు "ఒకటి", "రెండు" అని మాత్రమే పేరు పెట్టి, గిటార్ తెలియని ఆ మనిషికి వినిపించి, "ఏది గడియారంలా నడుస్తోంది?" అని అడగండి. వారు చెప్పింది రాసుకుని, ఏది ఏ చేతిదో తరువాత చూసుకోండి. చేతివాటం మీద అభిమానం గానీ, డబ్బు లెక్క గానీ ఆ చెవులకు ఉండదు.

హెచ్చరిక: గిటార్‌ను తిప్పినప్పుడు లావు తీగ కిందికి, సన్న తీగ పైకి వస్తాయి. మూగ తీగలతో లయ చూసుకోవడానికి దానివల్ల నష్టం లేదు. ఆ స్థితిలో కార్డులు (కొన్ని తీగలను కలిపి నొక్కి ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మాత్రం నేర్చుకోకండి.

4. నొక్కే చేతిని పరీక్షించకండి

చాలామంది దీన్నే అసలు పరీక్ష అనుకుంటారు. ఏ చేతి వేళ్లతో నొక్కినా మొదటి మూడు నాలుగు వారాలు నొప్పి పుడుతుంది, తీగ బరబరమంటుంది, నాలుగో వేలు మాట వినదు. ఈ దశలో "ఈ చేయి నొక్కలేకపోతోంది, కాబట్టి నేను రెండో వైపు మనిషిని" అనుకోవడం తొందరపాటు. కుడిచేతివాటం వారికీ ఎడమచేయి అలాగే మొండికేస్తుంది.

5. పద్నాలుగు రోజులు రాసుకోండి

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. మొదటి పది నిమిషాలు మూగ తీగల సాధన, ఐదు నిమిషాలు ఒక చేతితో, ఐదు నిమిషాలు రెండో చేతితో చేయండి. తరువాతి పది నిమిషాలు రుమాలు తీసేసి, గిటార్‌ను కుడిచేతి పద్ధతిలో మామూలుగా పట్టుకుని, రెండు సులువైన కార్డులు, ఉదాహరణకు ఈ మైనర్ (Em), ఏ మైనర్ (Am), నెమ్మదిగా మార్చండి. 1, 5, 10, 14 రోజుల్లో రికార్డు చేయండి. ప్రతిరోజూ ఒక వాక్యం రాయండి: ఎక్కడ అలసట వచ్చింది, భుజంలోనా, మణికట్టులోనా, వేలికొనల్లోనా. వేలికొనల నొప్పి సహజం. మీటే చేతి భుజం బిగుసుకుపోవడం పదో రోజు తరువాత కూడా తగ్గకపోతే, ఆ చేయి ఆ పనికి ఒప్పుకోవడం లేదని అనుమానించాలి.

6. తీర్పు

చీపురు, మూగ తీగలు రెండూ ఎడమవైపే చూపి, మొదటి మెట్టు లెక్క ఎనిమిది దాటితే, ఎడమచేతి గిటార్ నేర్చుకోండి. "ఎవరి దగ్గరా అలాంటి గిటార్ ఉండదు" అన్న భయం ఒక్కటే కారణంగా వెనక్కి తగ్గకండి.

మూగ తీగల పరీక్షలో పద్నాలుగో రోజుకు రెండు చేతులూ సమానంగా వస్తే, మిగిలిన సూచనలు ఎటున్నా, కుడిచేతి పద్ధతినే ఎంచుకోండి. దీనికి కారణం సంగీతం కాదు, సౌకర్యం. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం దుకాణాల గోడలకు వేలాడే గిటార్లు దాదాపు అన్నీ కుడిచేతివే. చర్చిలోనైనా, కళాశాల వార్షికోత్సవంలోనైనా పక్కవారి గిటార్ అందుకుని ఒక పాట వాయించగలగడం నేర్చుకునేవాడికి చిన్న లాభం కాదు. డైర్ స్ట్రెయిట్స్ బృందానికి చెందిన మార్క్ నాఫ్లర్ పుర్రచేతి వాటం వాడై ఉండీ కుడిచేతి పద్ధతిలోనే వాయిస్తాడు. ఆయన మీటే తీరు వినేవారెవరూ అందులో లోపం పట్టలేరు.

సూచనలు ఒకదానికొకటి పొసగకపోతే మూగ తీగల ఫలితానికే ఓటు వేయండి.

7. ఎడమచేతి గిటార్ సంపాదించడం

మూడు దారులున్నాయి. వాటి మంచిచెడ్డలు సమానం కావు.

మొదటి దారి, ఎడమచేతికని తయారైనదాన్నే కొనడం. నా సలహా ఇదే. స్థానిక దుకాణంలో చేతికి దొరక్కపోయినా తెప్పించమని అడగవచ్చు, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. యమహావారి ఎఫ్‌జీ 820 వంటి కొన్ని నమూనాలకు ఎడమచేతి రూపాలు ఉన్నాయి. వచ్చిన వెంటనే పెట్టె విప్పి, ఎడమచేతి పద్ధతిలో ఒడిలో పెట్టుకుని చూడండి: లావు తీగ మీ గడ్డానికి దగ్గరగా, పిక్‌గార్డు (చెక్కకు గీతలు పడకుండా అంటించే పలుచని పలక) మీ మీటే చేతి కింద, మెడ అంచున ఉండే చిన్న చుక్కలు మీ కళ్లవైపు ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా, అది ఉన్నదున్నట్టు గానీ, తీగలు మార్చి గానీ పంపిన కుడిచేతి గిటారే. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి అలాంటిదాన్నే "ఎడమచేతి గిటార్" పేరుతో పూర్తి ధర పెట్టి కొన్నాడు. తిరిగి పంపే గడువు దాటాక గానీ ఆ సంగతి తెలియలేదు.

రెండో దారి, కుడిచేతి గిటార్‌ను మార్చుకోవడం. అమెరికన్ రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ (1942–1970) కుడిచేతి స్ట్రాటోక్యాస్టర్‌నే తిప్పి, తీగలు ఎడమచేతి వరుసలో బిగించుకుని వాయించాడన్నది అందరికీ తెలిసిన మాట. దాన్ని చూసి అందరూ అకూస్టిక్ గిటార్‌కూ అదే చేయబోతారు. ఆ ఎలక్ట్రిక్ గిటార్‌లో ప్రతి తీగకూ విడిగా సాడిల్ (బ్రిడ్జి దగ్గర తీగ ఆనే చిన్న దిమ్మ) ఉంటుంది, దాన్ని ముందుకూ వెనక్కూ జరిపి శ్రుతి సరిచేయవచ్చు. ఉక్కు తీగల అకూస్టిక్‌లో సాడిల్ ఒకే పట్టీ, అది కావాలనే ఏటవాలుగా ఉంటుంది, లావు తీగకు కాస్త ఎక్కువ పొడవు కావాలి కాబట్టి. తిప్పితే ఆ వాలు తప్పు దిక్కుకు పడుతుంది.

వాద్యం మనిషికి తగ్గట్టు మారడంలో తప్పేమీ లేదు. 1969లో మన పాలకొల్లులోనే పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండలిన్‌ను పక్కనపెట్టి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. అయితే తెలిసి మార్చడం వేరు, తీగలు తిరగేసి సరిపెట్టుకోవడం వేరు.

మార్చక తప్పని పరిస్థితి అయితే, నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌ను ఎంచుకోండి. దాని సాడిల్ సాధారణంగా నిటారుగానే ఉంటుంది, తీగల బిగువూ తక్కువ, పిల్లల వేళ్లకూ మెత్తన. పని ఇలా చేయాలి.

- తీగలను ఒక్కసారిగా కత్తిరించకండి. ఆరింటినీ కొంచెం కొంచెంగా వదులు చేసి, పూర్తిగా సడలిన తరువాతే తీయండి. ఉక్కు తీగ విసిరికొడితే కంటికి ప్రమాదం, కాబట్టి ముఖాన్ని దూరంగా ఉంచండి.
- నట్‌ను, అంటే మెడ చివర ఆరు గాట్లున్న పట్టీని, మార్చాలి. సన్న తీగ గాటులో లావు తీగ దిగదు, లావు తీగ గాటులో సన్న తీగ ఊగిసలాడి బరబరమంటుంది. ఎడమచేతి నట్ కొని వేయించండి. అది కొద్దిపాటి జిగురుతో అతికి ఉంటుంది. అనుభవం లేకపోతే సొంతంగా ఊడదీయకండి, మెడ చివరి చెక్క పెచ్చు లేచిపోతుంది.
- ఉక్కు తీగలదైతే సాడిల్ గాడిని పూడ్చి కొత్త వాలులో తవ్వించాలి. ఇది మరమ్మతు తెలిసినవారి పని. దీనికయ్యే ఖర్చు చాలాసార్లు కొత్త గిటార్ ధరలో పెద్ద భాగాన్నే మింగేస్తుంది. పై చెక్క లోపలి బద్దలు కూడా కుడిచేతి లెక్కలోనే అతికించి ఉంటాయి, వాటిని మార్చలేం.
- కొత్త తీగలు ఎక్కించి, శ్రుతి చేసి, ఒక రాత్రి ఉంచి, మరునాడు మళ్లీ శ్రుతి చేయండి.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకునే విధానం ఇది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ పొడవు సగమవుతుంది. అక్కడ తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే గంటలాంటి స్వరం వస్తుంది. తరువాత అదే చోట నొక్కి మీటండి. ట్యూనర్‌లో రెండూ ఒకే స్వరం చూపాలి, ఐదు సెంట్ల (సెంటు అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతు) లోపు తేడా ఉంటే పరవాలేదు. వాలు తప్పిన గిటార్‌లో లావు తీగ నొక్కినప్పుడు హెచ్చుగా, సన్న తీగ తగ్గుగా పలుకుతాయి. అలా ఉంటే మీరెంత సాధన చేసినా మెడ పైభాగంలో కార్డులు శ్రుతిలో ఉండవు, తప్పు మీది కాదు.

మూడో దారి, ఏమీ మార్చకుండా కుడిచేతి గిటార్‌నే తలకిందులుగా వాయించడం. బ్లూస్ గిటారిస్టు ఆల్బర్ట్ కింగ్ అలాగే వాయించాడు. అమెరికా జానపద గాయని ఎలిజబెత్ కాటన్ (మన ధవళేశ్వరం కాటన్ దొరకూ ఈమెకూ ఏ సంబంధమూ లేదు) బొటనవేలితో రాగాన్నీ, మిగిలిన వేళ్లతో మంద్రాన్నీ మీటుతూ తనదైన బాణీనే సృష్టించింది. అద్భుతమే, కానీ కొత్తవారికి నేను సిఫారసు చేయను. కార్డు ఆకారాలన్నీ వేరవుతాయి, కిందికి మీటినప్పుడు సన్న తీగ ముందు మోగుతుంది, నేర్పే గురువూ దొరకరు.

8. ఎడమచేతివారు పాఠం ఎలా చదవాలి

ట్యాబ్ రాతను ఉన్నది ఉన్నట్టే చదవండి. అది తీగ సంఖ్యనూ ఫ్రెట్ సంఖ్యనూ చెబుతుంది తప్ప చేతిని కాదు. కార్డు బొమ్మలను మాత్రం అద్దంలో చూసినట్టు తిప్పుకోవాలి. కుడిచేతి బొమ్మలో ఎడమ అంచున ఉన్న లావు తీగ మీ బొమ్మలో కుడి అంచుకు వస్తుంది. మొదటి పది కార్డులు మీరే తిప్పి గీసుకోండి, ఆ తరువాత బొమ్మలతో అవసరం తగ్గిపోతుంది. కుడిచేతి గురువుకు ఎదురుగా కూర్చుంటే ఆయన చేతులు మీకు అద్దంలోని చేతుల్లా కనిపిస్తాయి, పక్కన కూర్చునే కుడిచేతి విద్యార్థి కంటే మీకే సులువు.

బృందంలో నిలబడేటప్పుడు మీ కుడివైపు చివరన నిలబడండి. మీ గిటార్ మెడ కుడివైపుకు సాగుతుంది కాబట్టి, మధ్యలో ఉంటే పక్కవాడి మోచేతికి తగులుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

ఆరు నెలలకోసారి వైపు మార్చడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఏ వైపునైనా మూడు నెలల తరువాత ఒక ఎదుగుదల లేని కాలం వస్తుంది. పుర్రచేతివారు ఆ నెపాన్ని చేతిమీదకు నెట్టేసి, రెండోవైపు మళ్లీ మొదటినుంచి ప్రారంభిస్తారు. పద్నాలుగు రోజుల పరీక్ష చేసి తీసుకున్న నిర్ణయాన్ని ఒక ఏడాది వరకూ తిరిగి తెరవకండి.

రెండోది పెద్దల నుంచి వస్తుంది. "ఎడంచేత్తో వాయించడం చూడ్డానికి బాగుండదు" అని తాతగారో నాయనమ్మగారో అనవచ్చు. వారితో వాదం పెట్టుకోకుండా, పళని సుబ్రహ్మణ్య పిళ్లై ఎడమచేతి వాటంతోనే మృదంగం వాయించి కర్ణాటక సంగీతంలో అగ్రశ్రేణి విద్వాంసుడిగా నిలిచారని చెప్పండి. గిటార్‌లో ఎడమచేత్తో వాయించే బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ పేరు చెబితే వారికి అంతగా ఎక్కకపోవచ్చు.

మూడోది, పరీక్షకు చెడ్డ గిటార్ వాడటం. అటకమీద రెండు వర్షాకాలాలు గడిపిన గిటార్‌కు మన డెల్టా తేమలో తీగలు తుప్పు పట్టి, మెడ వంగి ఉంటుంది. దానిమీద ఏ చేయీ నెగ్గదు. పరీక్షకు ముందు కనీసం తీగలు కొత్తవి వేయించండి. కొబ్బరినూనె రాసుకున్న చేతులతో తీగలు ముట్టుకోకండి, ముట్టుకుంటే పొడిగుడ్డతో తుడవండి.

నెల తరువాత ఒకసారి, మూడు నెలల తరువాత ఒకసారి చూసుకోండి

నెల గడిచేసరికి 80 వేగంలో రెండు కార్డులను మారుస్తూ, మార్చేచోట మీటే చేయి ఆగకుండా రెండు నిమిషాలు నడవాలి. నొక్కే వేళ్లు ఆలస్యమైనా పరవాలేదు, మీటే చేయి మాత్రం వాటికోసం ఆగకూడదు. మూడు నెలలకు, మీకు తెలిసిన ఒక పాటను మీరు పాడుతూ వాయించి రికార్డు చేసి, పాత పద్ధతిలోనే గిటార్ తెలియని ఆ మనిషికి వినిపించండి. పాట ఎక్కడ కుంటిందో వారిని అడగండి. కార్డు మారేచోట కుంటితే సాధన చాలలేదని అర్థం. కార్డు మారకుండా ఒకేచోట నడుస్తున్నప్పుడు కూడా కుంటుతూ ఉంటే, మొదటి రోజుల మూగ తీగల రికార్డులు తీసి మళ్లీ వినండి. చేతి ఎంపికను సందేహించడానికి న్యాయమైన కారణం అదొక్కటే.

ఇప్పటికే మూడు నాలుగేళ్లుగా కుడిచేతి పద్ధతిలో వాయిస్తూ, ఇది చదివాక అనుమానం పట్టుకున్న పుర్రచేతివారు కూడా రాస్తుంటారు. పాట సాఫీగా నడుస్తూ ఉంటే మార్చకండి. మీటే చేతిలో లయ ఇప్పటికీ కుదరకపోతే, రోజూ మామూలు సాధన ముగిశాక పది నిమిషాలు మూగ తీగల మీద ఎడమచేత్తో నెల రోజులు చేసి చూడండి. నెలకే అది మీ నాలుగేళ్ల కుడిచేతిని దాటిపోతే అప్పుడు గిటార్ మార్చే సంగతి ఆలోచించవచ్చు. నేను అలా చేసి చూశాను. నా ఎడమచేయి దాటలేదు, కుడిచేతి దగ్గరికి వచ్చి ఆగింది.